మొదటి పేజీలో దొరకని వార్త

ఒక కంపెనీ డిపాజిటర్లను ముంచిందని ఒక చిన్న పత్రిక ఆధారాలతో రాసిందనుకుందాం. ఆ కథనాన్ని ఎవరో అక్షరం పొల్లుపోకుండా ఎత్తి, ఊరూ పేరూ లేని ఒక బ్లాగులో పెడతారు. తేదీ మాత్రం అసలు కథనం కంటే నాలుగు రోజుల ముందుది వేస్తారు. ఆపైన గూగుల్‌కి ఫిర్యాదు చేస్తారు: ఇది మా రచన, ఆ పత్రిక దొంగిలించింది, తీసెయ్యండి అని. గూగుల్ దాన్ని నమ్మిందంటే వెతుకులాట ఫలితాల్లోంచి ఆ లింకు పోతుంది. పత్రిక వెబ్‌సైట్‌లో కథనం చెక్కుచెదరకుండానే ఉంటుంది. కంపెనీ పేరు కొట్టి వెతికేవాళ్లకు మాత్రం దొరకదు. రాసిన విలేకరికి సైతం ఎన్నోసార్లు ఈ సంగతి తెలియదు.

కంపెనీ పరువును సెర్చ్‌లో కాపాడే పనికి ఓఆర్ఎం (ఆన్‌లైన్ రెప్యుటేషన్ మేనేజ్‌మెంట్) అని పేరు. అందులో తప్పు లేని భాగమే ఎక్కువ. ఫిర్యాదు చేసిన వినియోగదారుకు జవాబివ్వడం, తన గురించి తాను నిజాలు రాసుకోవడం, అబద్ధపు రివ్యూ మీద అభ్యంతరం చెప్పడం ఏ కంపెనీకైనా ఉన్న హక్కు. నా ఆందోళన నిజాన్ని మాయం చేసే పని గురించే. దానికి రుజువులు పోగుపడుతున్నాయి.

2023 ఫిబ్రవరిలో ఫర్బిడెన్ స్టోరీస్ అనే పాత్రికేయుల సంస్థ, బార్సిలోనాలో పుట్టిన ఎలిమినాలియా కంపెనీ గుట్టు బయటపెట్టింది. బయటికి పొక్కిన లోపలి పత్రాలు దాదాపు 50,000. వాటిలో కనిపించిన ఖాతాదారులు సుమారు 1,500 మంది, యాభై దేశాల వాళ్లు. అచ్చు వార్తాపత్రికల్లా కనిపించే నకిలీ వెబ్‌సైట్లు ఆరు వందలకు పైగా ఉన్నట్టు స్వీడన్‌కు చెందిన క్యూరియమ్ సంస్థ లెక్క తేల్చింది. ఖాతాదారు పేరు తగిలించి, అతని కేసుతో సంబంధమే లేని వ్యాసాలు వాటిలో గుట్టలుగా పోశారు. అసలు వార్త వెనక పేజీలకు జారిపోవాలన్నదే ఎత్తు. తప్పుడు కాపీరైట్ ఫిర్యాదులు రెండో ఆయుధం. 2017 సెప్టెంబర్ 5న బెంగళూరులో తన ఇంటి ముందే హత్యకు గురైన పాత్రికేయురాలు గౌరీ లంకేష్ పనిని కొనసాగించడానికే ఆ పాత్రికేయులు ఈ పరిశోధనకు పూనుకున్నారు. ఆమె చివరి సంపాదకీయం తప్పుడు వార్తల మీదే.

ఇదంతా ఇంత తేలిగ్గా ఎలా సాగుతోంది? 1998 నాటి అమెరికా కాపీరైట్ చట్టం డీఎంసీఏ ప్రకారం, ఫిర్యాదు అందగానే త్వరగా లింకు తీసేస్తే గూగుల్ లాంటి సంస్థకు బాధ్యత ఉండదు. ఉంచితే దావా భయం. ఇక తీసెయ్యడమే క్షేమం కదా! కాపీరైట్ పేరుతో గూగుల్‌ను తొలగించమని కోరిన లింకుల మొత్తం 2024 చివరికి వెయ్యి కోట్లు దాటింది. ఇన్నింటిని మనుషులు కూర్చుని చదవలేరు. ఎదురు ఫిర్యాదు ఇచ్చి లింకును తిరిగి తెప్పించుకునే దారి చట్టంలో ఉంది. అయితే ముగ్గురు నలుగురితో నడిచే పత్రికకు వకీలు ఎక్కడ దొరుకుతాడు? గూగుల్ కూడా బాధితురాలినేనని 2023 నవంబర్‌లో కాలిఫోర్నియా కోర్టుకెక్కింది. కొందరు 65 ఖాతాలు తెరిచి, లక్షా పదిహేడు వేలకు పైగా లింకుల మీద దొంగ ఫిర్యాదులు పెట్టారని ఆ దావాలో ఆరోపించింది.

కోర్టుల పేరునూ వదల్లేదు. లింకులు తీయించడానికి దొంగ కోర్టు ఉత్తర్వులు వాడుతున్నారని అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు యూజీన్ వోలోక్ 2016 నుంచి ఒక్కొక్కటే వెలికితీస్తూ వచ్చాడు.

మర్యాదస్థులైన సంస్థలకూ ఈ ఆశ పుడుతుంది. 2011 నవంబర్‌లో శాంతంగా కూర్చున్న విద్యార్థుల ముఖాల మీద కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో పోలీసు మిరియాల స్ప్రే కొట్టాడు. ఆ జ్ఞాపకాన్ని సెర్చ్‌లో చెరిపెయ్యడానికి విశ్వవిద్యాలయం కన్సల్టెంట్లకు కనీసం 1,75,000 డాలర్లు ఇచ్చింది. అది ప్రజాధనంతో నడిచే సంస్థ! శాక్రమెంటో బీ పత్రిక 2016లో ఆ కాంట్రాక్టు కాగితాలు సంపాదించి అచ్చువేసింది. అక్కడ ప్రభుత్వ కాగితాలు అడిగే చట్టం ఉంది కాబట్టి బయటపడింది. ప్రైవేటు కంపెనీ చేస్తే అడిగే దారే ఉండదు. అందుకే నాకు భయం.

మన దగ్గర ఫ్లాటుకు అడ్వాన్సు ఇచ్చేముందు, చీటీ కట్టేముందు, పిల్లను విదేశీ చదువుకు పంపే కన్సల్టెన్సీ గడప తొక్కేముందు చాలామంది చేసే విచారణ ఒక్కటే. ఫోన్‌లో పేరు కొట్టి మొదటి పేజీ చూడటం. దానితో ఆగకండి. స్థిరాస్తి అయితే రెరా వెబ్‌సైట్, కేసులకు ఈ-కోర్ట్స్, డిపాజిట్లకు రిజర్వు బ్యాంకు సచేత్ పోర్టల్ చూడండి. సెర్చ్ పేజీని చివరిదాకా జరపండి. కాపీరైట్ ఫిర్యాదు వల్ల ఏదైనా లింకు తీసేసి ఉంటే, ఆ సంగతి చెప్పే చిన్న వాక్యం అడుగున కనిపించవచ్చు. అక్కడి నుంచి ల్యూమెన్ అనే భాండాగారానికి వెళ్తే ఎవరి పేరున ఏ ఫిర్యాదు అందిందో చదువుకోవచ్చు.

చిన్న పత్రికలు, వెబ్‌సైట్లు నడిపే మిత్రులకు నా మనవి ఒక్కటే. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో మీ సైటును నమోదు చేసుకోండి. తొలగింపు సమాచారం వచ్చేది అక్కడికే.