చెరువుకట్ట చెప్పు పాఠము

పక్షులను, అడవిపూలను చూడవలెనన్న సముద్రతీరమునకో, మహారణ్యమునకో పోవలెనని పలువురు తలంతురు. అది సరికాదు. సిద్దిపేట జిల్లాలోని గజ్వేలులో పాండవుల చెరువు కట్టమీదను, ఊరి చుట్టునున్న పొలముల గట్ల వెంటను, వానకాలపు చివరి దినములలో ఒక గంట నడచినను చాలును. చూడనేర్చినవానికి అదియే పాఠశాల.

భాద్రపదము ముగియునప్పటికి బీళ్లలో తంగేడు బంగారువన్నెతో విరియును. చేలలో గునుగు తెలుపు, గులాబి రంగుల కంకులతో నిలుచును. ఈ గునుగును రైతు కలుపుమొక్క యని పెరికివేయును. ఆ యింటి ఆడపడుచులే దానిని కోసి తెచ్చి, రంగులద్ది, బతుకమ్మగా పేర్చి పాడుదురు. మొక్క ఒక్కటియే. చేనిలో నున్నప్పుడు కలుపు. తాంబాళములో నున్నప్పుడు దైవము. మారినది మొక్క కాదు, చూచువారి అవసరము.

పక్షుల విషయమును ఇట్టిదే. దసరానాడు పాలపిట్టను చూచుట శుభమని తెలంగాణమున పెద్దలు చెప్పుదురు. 2014లో ప్రభుత్వము దానిని రాష్ట్రపక్షిగను, తంగేడును రాష్ట్రపుష్పముగను ప్రకటించినది. అయినను కొందరు పండుగకు ముందు ఆ పక్షిని పట్టి, పంజరమున బంధించి, డబ్బులు తీసికొని చూపుదురు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అది నేరము. అంతియేకాదు, అది వ్యర్థము కూడ. రెక్కలు ముడిచి కూర్చున్న పాలపిట్ట మట్టివన్నె పక్షివలె నుండును. ఎగిరినప్పుడే దాని రెక్కలలోని నీలిమ మెరయును. పంజరమువద్ద నిలిచినవాడు పాలపిట్టను చూచియు చూడనివాడే.

తీతువుకు కలిగిన కష్టము మరియొక తీరు. దాని కూత అపశకునమని భయపడి జనులు రాళ్లు రువ్వుదురు. తీతువు చెట్టుపై గూడు కట్టదు. గులకరాళ్లనడుమ, నేలమీదనే గ్రుడ్లు పెట్టును. మనిషియో, కుక్కయో సమీపించినచో తల్లిపక్షి తల్లడిల్లి కూయును. అది ఎవరి చావును చాటు కూత కాదు. తన పిల్లలను కాచుకొను కూత.

పెద్దల నమ్మకమును త్రోసిపుచ్చవచ్చునా యని కొందరడుగవచ్చును. త్రోసిపుచ్చవలసిన పని లేదు. పాలపిట్టను చూచుటకై పండుగనాడు ఊరు దాటి పొలముల వైపు నడచుటయే పెద్దల ఆచారము. దానిని పంజరములో వాకిటికి తెప్పించుకొనుట ఆచారము కాదు, సోమరితనము.

కావున విద్యార్థులు సెలవుదినమున చెరువుకట్టకు పోవలెను. కనిపించిన పక్షి పేరును, పూవు పేరును పెద్దలనడిగి తెలిసికొని పుస్తకమున వ్రాసికొనవలెను. తీతువు కూసినచో రాయి తీయక, నేలను చూచుచు నాలుగడుగులు వెనుకకు వేయవలెను. శుభమును, అశుభమును పక్షి తేదు. దానిని చూచు మనిషి నడవడియే తెచ్చును.