దాచుట దయ గాదు

మన వీధులలో ఒక దురాచారము ప్రేమ పేరిట చెలామణి యగుచున్నది. ఇల్లాలికి క్యాన్సరు వచ్చి, అది పుట్టిన చోటు దాటి యెముకలకో, కాలేయమునకో, ఊపిరితిత్తులకో ప్రాకినదని వైద్యులు తేల్చినప్పుడు, ఆ మాట ఆమెకు దక్క అందరికిని తెలియును. మరదికి తెలియును, మేనమామకు తెలియును, దుకాణములోని గుమాస్తాకు సైతము తెలియును. పిమ్మట ఆమెను విశ్రాంతి యని చెప్పి పుట్టినింటికి పంపుదురు. భర్త మందులకు సొమ్ము పంపును. ఆదివారమున పోయి చూచి వచ్చును. పాపము, ఎంత ఖర్చు పెట్టుచున్నాడో యని నలుగురును మెచ్చుకొందురు. మేము మెచ్చుకొనజాలము. ఇది భర్త తన స్థానమును విడిచిపోవుటయే యని మా నిశ్చితాభిప్రాయము.

షోలాపూరు తెలుగువారమైన మనము మూడు నాలుగు భాషల నడుమ బ్రదుకువారము. ఇంట తెలుగు, బజారున మరాఠీ, రైలులో హిందీ, కాగితముపై ఇంగ్లీషు. పెద్ద వైద్యమునకు ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రికి పోవు కుటుంబములు మనలో కలవు. 1941లో వెలసిన ఆ సంస్థకు దేశపు నలుమూలలనుండి రోగులు వత్తురు. అచట వైద్యుడు హిందీలోనో మరాఠీలోనో చెప్పును. కూరగాయల బేరమునకు చాలు మరాఠీ, రోగవివరము గ్రహించుటకు చాలదు. కనుక భర్తయే దుబాసి యగును. వైద్యుడు పావుగంట చెప్పిన పిదప ఆమె, "ఏమన్నరు డాక్టరు?" అని యడుగును. "ఏం లేదు, గడ్డ అన్నరు, మందులతోనే పోతది" అని ఆయన బదులు పలుకును. వ్యాపారమున దుబాసి ధర మార్చి చెప్పినచో మనమేమందుము? మోసమందుము. ప్రాణముల బేరమున అదే పని చేసినచో దానిని ప్రేమ యని యెట్లందుము?

చెప్పినచో ధైర్యము చెడునని కొందరు వాదింతురు. అయ్యా, ఆమెకు తెలియదనుకొనుట మీ భ్రమ. జుట్టు రాలుచున్నది ఆమెకు. తాను గదిలోనికి రాగానే మాటలాగిపోవుట చూచుచున్నది ఆమె. తెలిసినదానిని మీకై తెలియనట్లు నటించుచు ఆమె ఒంటరిదగుచున్నది. బిడ్డలకు చెప్పదలచిన మాటలు, ఇతరులకు ఇచ్చిన చేబదుళ్లు, కూతురికి ఇయ్యదలచిన నగ, ఇవన్నియు ఆమె నోటనే నిలిచిపోవును. అంతయు ఒకే పూట తలపై కుమ్మరింపుమని మేము చెప్పుటలేదు. ఎంత తెలియగోరుదువని ముందుగా ఆమెనే యడుగుడు. అంతవరకే, కాని నిజమే చెప్పుడు. వలదనుట కూడ ఆమె హక్కే; ఆ హక్కు మీది గాదు. తెలివిలోనున్న వయోజన రోగి సమ్మతి ఆ రోగియే యియ్యవలెను గాని బంధువులు ఇచ్చినది చెల్లదని 2008లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పియున్నది.

నాలుగవ దశ యనగా రోగము దూరపు అవయవములకు వ్యాపించినదని యర్థము. అట్టి దశలో వైద్యపు లక్ష్యము పెక్కుసార్లు పూర్తిగా నయము చేయుట గాదు. ఆయుర్దాయమును పొడిగించుట, బాధను తగ్గించుట. కావున ప్రతి మందునకు ముందును దంపతులిద్దరును కలిసి వైద్యునడుగవలసినది ఒకటే ప్రశ్న: ఇది నయము చేయుటకా, కాలము పెంచుటకా, బాధ తగ్గించుటకా? సరుకు కొనునప్పుడు గజము కొలత రెండుమార్లు చూచు మనము, లక్షలు పోయు ఈ చోట నోరు మెదపకుండుట విడ్డూరము.

ఇక నొప్పి సంగతి. మార్ఫిన్ పేరు చెప్పగానే మనవారు, అది చివరి ఘడియల మందనియు, మత్తున కలవాటు పడుదురనియు బెదరుదురు. క్యాన్సరు నొప్పికి నోటి ద్వారా మార్ఫిన్ ఇచ్చు క్రమమును ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే ప్రకటించినది. వైద్యుడు చెప్పిన మోతాదున, చెప్పిన వేళకు ఇచ్చినచో అది రోగిని కూర్చుండనిచ్చును, నిద్రపోనిచ్చును. మలబద్ధము కలుగును గాన దానికి మందు తోడుగ నడుగవలెను. మన దేశమున మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వానుమతితో నల్లమందు పండుచున్నది. అయినను రోగులకు మార్ఫిన్ అందుట దుర్లభమై యుండెను. 2014లో చట్టమును సవరించి దారి సుగమము చేసిరి. చట్టము సడలినను మన భయము సడలలేదు.

బాధను తగ్గించు ఉపశమన చికిత్స కోరుట ఆశ వదలుకొనుట యనువారికి ఒక లెక్క చెప్పెదము. వ్యాపించిన ఊపిరితిత్తుల క్యాన్సరు గలవారిపై అమెరికాలో జరిగి 2010లో వెలువడిన పరిశోధనలో, మామూలు వైద్యముతోపాటు ఆరంభమునుండియే ఉపశమన చికిత్స పొందినవారు మధ్యస్థముగా 11.6 నెలలు జీవించిరి, పొందనివారు 8.9 నెలలు. వారి దినములు బాధ తక్కువగా గడచినవి. ఇందు ఓటమి యెక్కడున్నది?

దుకాణమెవరు చూచెదరని యడుగుదురు. భర్తకు జబ్బు చేసినప్పుడు, పొయ్యి యెవరు చూచెదరని భార్య తన పుట్టినింట కూర్చున్నదా? కీమోథెరపీ పిదప 100.4 డిగ్రీల జ్వరము కనిపించినచో తెల్లవారువరకు ఆగరాదు. ఆ గంటలోనే ఆసుపత్రికి పోవలెను. ఆ థర్మామీటరు చూచువాడు ఆదివారము వచ్చు చుట్టమై యుండరాదు. ఏ మందు ఎన్ని గంటలకు, ఏ పూట వాంతి, ఏ రాత్రి నిద్ర లేదు, ఇవన్నియు వ్రాసియుంచు ఒక చిట్టా కావలెను. చిట్టా వ్రాయుట మనకు ఎవరైన నేర్పవలెనా? నోరు పూసినప్పుడు జొన్నరొట్టె, పల్లీల కారపు పొడి మింగుడు పడవు. మెత్తనిది కొంచెము కొంచెముగా పెట్టవలెను. తినలేనినాడు బలవంతము వలదు. క్యాన్సరు అంటురోగము గాదు. కంచము వేరు పెట్టుట అజ్ఞానము మాత్రమే గాదు, క్రూరత్వము.

భర్త రోగియై భార్య సేవ చేయు ఇండ్లలో వేరొక యన్యాయము కలదు. రాత్రింబవళ్లు మేల్కొన్న ఆ తల్లితో మన ముత్తైదువలు, "నీ తాళిబలము గట్టిదైతే ఆయన లేచి తిరుగుతడు" అందురు. అనగా ఆయన పోయినచో నేరము ఆమెదే! ఒక రాత్రి ఆమెకు మారుగా మేల్కొనుట చేతగానివారికి ఈ మాట యనుటకు అధికారము లేదు. పరామర్శకు వచ్చి, ఇదే జబ్బుతో ఫలానావారు పోయిరని వర్ణించువారికిని, వాట్సాపులో వచ్చిన ఆకుపసరు చూపి కీమో మానుమనువారికిని వాకిటనే నమస్కారము పెట్టి పంపుట మేలు.

సంఘములు కూడ సమాధానము చెప్పవలెను. సన్మానములకు, శాలువలకు, భవనపు పాలరాతికి చందాలెత్తగలిగిన మనము, ఆసుపత్రికి తోడుగ పోయి మార్చకుండ, దాచకుండ తెలుగులో చెప్పగల ఇద్దరు యువతీయువకులను ఏర్పాటు చేయలేమా? రైల్వేవారు ఆసుపత్రి ధ్రువపత్రముపై క్యాన్సరు రోగికి స్లీపరు, మూడవ ఏసీ తరగతులలో పూర్తి రాయితీయు, వెంట పోవు ఒకరికి నూటికి 75 వంతుల రాయితీయు ఇచ్చుచున్నారు. మహాత్మా జ్యోతిరావు ఫూలే జన ఆరోగ్య యోజనలో క్యాన్సరు చికిత్సలు కలవు. ఈ కాగితములు నింపియిచ్చు బల్ల యొకటి సంఘ కార్యాలయమున ఉండవలెను. రాబోవు సర్వసభ్య సమావేశమున మేమీ తీర్మానమును ప్రతిపాదింపనున్నాము. ఎదిరించువారు లేచి కారణము చెప్పుదురు గాక.

పెండ్లినాడు అగ్నిసాక్షిగా చేయి పట్టితిమి. ఆ పట్టు బిగియవలసిన దినము వచ్చినప్పుడు దుకాణపు తాళములు తమ్మునికిచ్చి, ఆమె ప్రక్కన కుర్చీ వేసికొని కూర్చుండుడు. "ఏమన్నరు డాక్టరు?" అని ఆమె యడిగినప్పుడు, ఆయన యేమనిరో అదే చెప్పుడు. తరువాత చేయి విడువకుడు.