కర్త ఎవరు? సంస్కరణ పాఠశాల కథలో బాలుడు, ఉపాధ్యాయుడు

నిర్బంధ పాఠశాలలో బాలలపై సాగే హింసను ఎదిరించిన ఉపాధ్యాయుని కథ ఎదురైనప్పుడల్లా మన విమర్శ దాదాపు ఒకే తీర్పు చెబుతుంది: ఆదర్శ పాత్ర, మానవతా దృక్పథం. ఈ తీర్పులో ప్రశంస ఉన్నదే కాని పరిశీలన లేదు. ఆ కథ ఎవరి అనుభవంలో పుట్టింది, ఎవరి పరాక్రమంగా పర్యవసించింది అన్న ప్రశ్నను అది దాటవేస్తుంది. ఆ ప్రశ్న ఎంత అనివార్యమో ఒక ఐరిష్ రచన, దాని చలనచిత్ర రూపం ఆధారంగా నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కార్క్ నగరంలో 1927లో జన్మించిన కవి, నాటకకర్త పాట్రిక్ గాల్విన్ బాల్యంలో డ్యాంగన్ సంస్కరణ పాఠశాలలో నిర్బంధానికి గురయ్యాడు. దానిని నడిపినది ఒక క్యాథలిక్ మతసంఘం. ఆ జ్ఞాపకాలను అతడు 1991లో 'సాంగ్ ఫర్ ఎ ర్యాగీ బాయ్' అనే ఆత్మకథాత్మక గ్రంథంగా వెలువరించాడు. ఆష్లింగ్ వాల్ష్ దర్శకత్వంలో 2003లో అదే పేరుతో చలనచిత్రం వచ్చింది. చిత్రకథ 1939లో సాగుతుంది. స్పెయిన్ అంతర్యుద్ధంలో పోరాడి వచ్చిన విలియం ఫ్రాంక్లిన్ ఆ పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరి, సంఖ్యలతో పిలువబడుతున్న పిల్లలను పేర్లతో పిలుస్తాడు, కవిత్వం చదివిస్తాడు, బ్రదర్ జాన్ క్రౌర్యానికి ఎదురు నిలుస్తాడు. మెర్సియర్ అనే బాలుడు మాత్రం ఆ దెబ్బలకు బలి అవుతాడు.

గ్రంథంలో కథ చెప్పేవాడు బాలుడు. చిత్రంలో కథ ఉపాధ్యాయుని చుట్టూ తిరుగుతుంది. వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే కర్తగా ఉన్న బాలుడు కర్మ అయ్యాడు. ఈ మార్పు కేవలం మాధ్యమ ధర్మమని, చిత్రానువాద రచనలో గాల్విన్‌కూ భాగం ఉన్నదని ఆక్షేపించవచ్చు. హింసను చిత్రం మెత్తబరచలేదన్నదీ నిజమే. అయినా రచయిత అంగీకారం ఒక కథనం పరిణామాలకు సమాధానం కాజాలదు.

ఆ పరిణామం ఏమిటి? లోపల జరుగుతున్నది లోకానికి తెలియదని, ధీరుడైన ఒక్కడు ప్రవేశిస్తే చాలునని ఇటువంటి కథ నమ్మిస్తుంది. చరిత్ర ఇందుకు విరుద్ధం. అమెరికాలో 'బాయ్స్ టౌన్' స్థాపించిన ఫాదర్ ఫ్లానగన్ 1946లో స్వదేశమైన ఐర్లండ్‌కు వచ్చి ఈ సంస్థలను బహిరంగంగా ఖండించాడు. ఆయన మతగురువు, జగద్విఖ్యాతుడు. అయినా ప్రభుత్వం ఆయన మాటను తోసిపుచ్చింది. పిల్లలను వివస్త్రులను చేసి కొడుతున్న సంగతిని డ్యాంగన్ నిర్వాహకుడే 1968లో కెన్నెడీ సంఘ సభ్యులకు చెప్పాడు. 1970లో వెలువడిన ఆ సంఘం నివేదికలో ఆ ప్రస్తావన లేదు. కనుక లోపించినది సమాచారం కాదు, చూసినవాడూ కాదు. లోపించినది బాలుని మాటకు ప్రామాణ్యం.

ఆ ప్రామాణ్యాన్ని సాధించినవారు బాధితులే. వారి గోడు 1999లో మేరీ రాఫ్టరీ రూపొందించిన టెలివిజన్ చిత్రమాలిక ద్వారా దేశమంతటా వినిపించింది. ఆ ఏడాదే ప్రధానమంత్రి క్షమాపణ చెప్పాడు. అనంతరం ఏర్పడిన విచారణ సంఘంలోని ఒక విభాగం ఎదుట 1,090 మంది తమ బాల్యాన్ని చెప్పుకొన్నారు. 2009 మే 20న వెలువడిన ర్యాన్ నివేదిక, బాలుర సంస్థలలో లైంగిక హింస సర్వసాధారణమై ఉండినదని నిర్ధారించింది. ఈ ఫలితం ఏ ఒక్క ఫ్రాంక్లిన్ వల్లా రాలేదు.

తెలుగు పాఠకునికి ఈ వివేచన కొత్తది కానక్కరలేదు. ప్రహ్లాద చరిత్రలో చండామార్కులు గురువులే, బెత్తం చూపి బెదిరించినవారే. వారు లేని వేళ తోటి బాలురను కూర్చుండబెట్టుకొని మాట్లాడినవాడు ప్రహ్లాదుడు. ఆ పాఠశాలలో సత్యం పలికినది శిష్యుడు. అది భక్తి కథ, ఇది నిర్బంధ చరిత్ర; రెండింటికీ సామ్యం అంతవరకే. కాని ఆ మేరకైనా మన సంప్రదాయం బాలునికి వక్త స్థానాన్ని ఇచ్చింది.

ఇది మన తరగతి గదికి సంబంధించిన విషయం కూడా. ఆశ్రమ పాఠశాలల్లో, వసతిగృహాల్లో చదివి వచ్చిన విద్యార్థులు నేడు మన శాఖలలో పరిశోధకులు. వారిలో ఒకరు అటువంటి స్వానుభవ రచనను పరిశోధనాంశంగా ప్రతిపాదిస్తే, 'శిల్పం లేదు, వట్టి సాక్ష్యం' అని పక్కన పెట్టి, అదే అనుభవం ఒక ఉదాత్త ఉపాధ్యాయుని కథగా వచ్చినప్పుడు పాఠ్యాంశం చేస్తే, మనమూ ఆ నివేదిక రాసినవారి పనే చేసినవారం అవుతాం. ఉపాధ్యాయులమైన మనకు ఫ్రాంక్లిన్ పాత్ర ప్రీతి కలిగించడం సహజం. ఆ ప్రీతిని విమర్శ ప్రమాణంగా స్వీకరించరాదు.