కళ్ళెము లేని అశ్వశక్తి

అమెరికనులు 'మజిల్ కార్లు' అని ముద్దుగా పిలుచుకొను కండబలపు కార్లలో మొదటిదిగా పలువురు చెప్పునది పాంటియాక్ జి.టి.ఓ. 1964లో పుట్టి 1974లో కన్నుమూసిన ఈ కారును గూర్చి దాని అభిమానులలో ఒక కథ స్థిరపడిపోయినది. ప్రభుత్వము పొగమీదను భద్రతమీదను చట్టములు చేయుటచేతను, 1973 అక్టోబరులో అరబ్బు దేశములు చమురు నిలిపివేయుటచేతను, ఉల్లాసముగా పరుగెత్తుచున్న గుఱ్ఱము కూలిపోయెనని ఆ కథ సారాంశము. వినుటకిది ఇంపుగానే యున్నది. కాని అమ్మకపు లెక్కలు దీనికి సాక్ష్యము చెప్పవు.

ఆ కారు పుట్టుక చిత్రమైనది. 1963 జనవరిలో జనరల్ మోటార్స్ సంస్థ తన శాఖలేవియు పందెములలో పాల్గొనరాదని శాసించెను. పందెముల గెలుపులతో యువకులను ఆకర్షించుచున్న పాంటియాక్ శాఖకు ఇది గొడ్డలిపెట్టు. ఆ శాఖ ముఖ్య ఇంజనీరు జాన్ డిలోరియన్, ఆయన సహచరులు బిల్ కాలిన్స్, రస్ గీ అప్పుడొక ఉపాయము పన్నిరి. పెద్దకార్లకు వాడు 389 ఘనపుటంగుళముల ఇంజనును మధ్యరకపు టెంపెస్ట్ కారులో అమర్చిరి. మధ్యరకపు కార్లలో 330 ఘనపుటంగుళములకు మించిన ఇంజను ఉండరాదని సంస్థ నియమము. అది కొత్త నమూనాలకే గాని, కొనువాడు కోరి పెట్టించుకొను అదనపు సామగ్రికి వర్తింపదని వ్యాఖ్యానము చెప్పి, జి.టి.ఓ.ను టెంపెస్ట్ లెమాన్స్ కారునకు అదనపు సామగ్రిగా ప్రకటించిరి. దాని వెల 295 డాలర్లు, కొంత చిల్లర. శాఖాధిపతి పీట్ ఎస్టెస్ సమ్మతించెను. అమ్మకముల అధికారి ఫ్రాంక్ బ్రిడ్జ్ మాత్రము 5,000 కార్లకు మించి ఒప్పుకొనలేదు. తొలియేటనే 32,450 అమ్ముడుపోయినవి.

పేరును గూర్చియు ఒక మాట చెప్పవలెను. ఇటలీలోని ఫెరారి వారి పందెపు కారునుండి దానిని ఎత్తుకొనిరి. 'గ్రాన్ టూరిస్మో ఒమొలొగాటో' అను ఆ పలుకుబడికి, దూరప్రయాణపు కార్ల తరగతిలో పందెమునకు అర్హముగా ఆమోదింపబడినదని అర్థము. పాంటియాక్ వారి కారు అట్టి ఆమోదమును పొందియుండలేదు. పైగా సొంత సంస్థ నియమమునే చాటుగా దాటి వచ్చినది. 1964 మార్చిలో 'కార్ అండ్ డ్రైవర్' పత్రిక ఈ రెండు జి.టి.ఓ.లను పోల్చుచు ప్రకటించిన వ్యాసము పాంటియాక్‌కు గొప్ప కీర్తి తెచ్చెను. ఆ పరీక్షకు పంపిన కారులో నిజముగా నుండినది 421 ఘనపుటంగుళముల ఇంజనని, ప్రచారమునకు సూత్రధారియైన జిమ్ వాంగర్స్ తదుపరి కాలమున తానే వెల్లడించెను.

ఇంతమాత్రముచే దానిని వట్టి బూటకమని త్రోసివేయుట న్యాయము కాదు. అంతవరకు అంతటి వేగము ధనికుల సొత్తు. 325 అశ్వశక్తిగల కారును మూడువేల డాలర్ల లోపు వెలకు అందించి, పాంటియాక్ దానిని జీతగాని ముంగిటికి తెచ్చినది. యుద్ధానంతరము పుట్టిన తరము అప్పుడప్పుడే కారు నడుపు ఈడునకు వచ్చుచుండెను. 1966 నాటికి జి.టి.ఓ. ప్రత్యేక నమూనాయై, ఆ ఏడు 96,946 అమ్ముడుపోయెను. చవుకదనమే దాని ప్రాణము.

ఆ చవుకదనము ఎట్లు సాధ్యమాయెనో చూడవలెను. ఇంజనును పెంచినవారు ఆ పెంపునకు తగిన బ్రేకులను ఇయ్యలేదు. తొలి జి.టి.ఓ. నాలుగు చక్రములకును సాధారణపు టెంపెస్ట్ కారునకున్న తొమ్మిదిన్నర అంగుళముల డ్రమ్ బ్రేకులే. డిస్క్ బ్రేకులు 1967లో వచ్చినవి. అవియు అదనపు వెల ఇచ్చినవారికే. బాహుకుడై యున్న నలుడు ఋతుపర్ణుని రథమును ఒక్క దినమున విదర్భకు చేర్చినది అశ్వహృదయ మెరుగుటచేత. గుఱ్ఱముల బలమొక్కటియే ఆ పని చేయలేదు. డెట్రాయిట్ వర్తకులు బలమునమ్మిరి. హృదయమును కొనువాని అదృష్టమునకు వదలిరి. 1966లో అమెరికా రహదారులమీద మరణించినవారు యాభైవేలకు పైబడిరి. అందరును ఇట్టి కార్లవలననే మరణించిరనుట అన్యాయము. కాని రాల్ఫ్ నాడర్ 1965లో గ్రంథము వ్రాసి కార్ల నిర్మాతలను నిలదీయుటయు, మరుసటి ఏడే భద్రతాచట్టము వచ్చుటయు అకారణముగా జరుగలేదు.

వెలలో చేర్చని ఖర్చు ఎక్కడికిని పోదు. బీమా కంపెనీలు 1960ల చివర దానిని లెక్కగట్టి, బలమైన కార్లు నడుపు కుర్రవారిపై అధికశుల్కము విధించినవి. అదే కాలమున పాంటియాక్ తన చవుకదనమును తానే మరచెను. 1968లో ప్లిమత్ వారు రోడ్ రన్నర్ అను చవుక కారుతో పోటీకి రాగా, దానికి బదులుగా 1969లో 'ది జడ్జ్' అను నమూనాను తలపెట్టిరి. సంకల్పము చవుక కారే. బయటికి వచ్చునప్పటికి దాని వెల మామూలు జి.టి.ఓ. కన్న 332 డాలర్లు ఎక్కువ. ఆ ఏడు 6,833 మాత్రమే అమ్మిరి.

ఇప్పుడు లెక్కలు చూడుడు. 1968లో 87,684, 1969లో 72,287, 1970లో 40,149, 1971లో 10,532, 1972లో 5,807. పొగ నియమములను ఎదుర్కొనుటకు ఇంజనుల ఒత్తిడిని తగ్గించినది 1971 నమూనాలలో. చమురు ఆగినది 1973 చివర. ఆ తగ్గింపునకు ముందే సగమునకు పైగా అమ్మకములు పోయినవి; చమురు ఆగునాటికి మిగిలినది పేరే. 1974లో ఆ పేరును వెంచురా అను చిన్నకారునకు తగిలించి, 7,058 అమ్మి ముగించిరి.

2004లో ఆస్ట్రేలియానుండి హోల్డెన్ మొనారో కారును దిగుమతి చేసి, ఆ పేరుతోనే మరల అమ్మిరి. ఇంజను బలమైనది, బ్రేకులు గట్టివి. కాని వెల ముప్పదివేల డాలర్లు దాటినది. 2006తో అదియు ఆగెను. 2010లో పాంటియాక్ శాఖయే మూతపడెను.

గతించిన కారును గూర్చి ఇంత తర్కమేలయని కొందరు అడుగవచ్చును. నేడు సాధారణ కుటుంబములు కొను విద్యుత్ కార్లలో పెక్కు ఆనాటి జి.టి.ఓ. కన్న వడిగా ఉరుకగలవు. వేగము మరల చవుకయగుచున్నది. ఆనాటి కథను చట్టములు చేసిన హత్యగా చెప్పుకొన్నచో, నేటి నిర్మాతకు కళ్ళెమడుగువాడు శత్రువుగానే తోచును. అప్పు చేసి పప్పుకూడు తిన్నవాని పతనమునకు ఋణదాతను నిందించుట ఎట్టిదో, జి.టి.ఓ. మరణమునకు చమురును, చట్టమును నిందించుట అట్టిదే. బలమును అమ్మువాడు కళ్ళెమును గూడ ఆ వెలలోనే చేర్చి యీయవలెను. లేనిచో ఆ బాకీని వసూలుచేయువాడు వేరొకడు వచ్చి తీరును.