ఒత్తు ఐచ్ఛికము కాదు

జహీరాబాదు బజారులో అంగడి బోర్డులు చదువుకొనుచు నడచువానికి తెలుగు, ఉర్దూ లిపులు ప్రక్కప్రక్కనే కానవచ్చును. బీదరు దిక్కునుండి వచ్చు బస్సుల నుదుట కన్నడము కనబడును. ఇట్టి ఊర, ఒక పాఠశాల గోడకు తగిలించుటకై, మండలవారీ వర్షపాతమును, ఆ వానల నమ్ముకొని పండు జొన్న, సజ్జ, కొర్రల విత్తుకాలమును ఒకే పటముగా గీసి, పేర్లన్నియు పిల్లలు ఇంట మాటలాడు భాషలలోనే వ్రాయవలెనని పూనుకొంటిని. గీతలు అరగంటలో వచ్చినవి. అక్షరములు కుదురుటకు మూడు దినములు పట్టెను.

‘వర్షపాతము’ అని వ్రాసినచోట రకారమునకు పొల్లు తగిలి, షకారము ఒత్తుగా క్రిందికి దిగక నిండు అక్షరమై ప్రక్కన నిలిచెను. ‘జొన్న’లో రెండు నకారములును వరుసగా కూర్చుండెను. ఏడవ తరగతి బాలిక ఒకతె కంప్యూటరు తెరవైపు చూచి, “సార్, ఒత్తేది?” అని అడిగెను.

కారణము పాతది. నేను పటము గీసిన మ్యాట్‌ప్లాట్‌లిబ్ అను పైథాన్ లైబ్రరీని జాన్ హంటర్ అను నాడీశాస్త్రజ్ఞుడు మెదడులోని విద్యుత్తరంగముల లెక్కలను చూచుకొనుటకై నిర్మించి 2003లో లోకమునకు ఉచితముగా నొసగెను. ఒక అక్షరము వెనుక నింకొక అక్షరమును పేర్చినంతనే ఇంగ్లీషు పదము సిద్ధమగును గనుక, చిరకాలము ఆ లైబ్రరీకి అంతకుమించిన నేర్పు అవసరపడలేదు. యూనికోడులో ‘జొన్న’ యనగా జకారము, ఒత్వము, నకారము, పొల్లు, మరల నకారము, వెరసి ఐదు సంకేతములు. వీనిని కూర్చి మన కంటికి అలవాటైన రూపమిచ్చు పని హార్ఫ్‌బజ్ అను వేరొక లైబ్రరీది. పారసీకమున ‘హర్ఫ్’ అనగా అక్షరము, ‘బాజ్’ అనగా తెరచినది. ఉర్దూ తెలిసిన మా ఊరివారికి ఆ మాట పరాయిది కాదు.

కావున పేర్లను మాత్రము పిల్లో అను బొమ్మల లైబ్రరీచేత గీయించి పటముపై అతికింపజూచితిని. అదియు ఫలింపలేదు. పిల్లో ఈ పనికి రక్మ్ అను లైబ్రరీని ఆశ్రయించును, రక్మ్‌కు హార్ఫ్‌బజ్‌తోపాటు ఫ్రిబిడి యను మరియొకటి కావలెను. నా విండోస్ కంప్యూటరులో ఆ ఫ్రిబిడి ఫైలు లేదు. అది లేనందున రక్మ్ మేల్కొనలేదు, పిల్లో ఒక్క ఎర్రరైనను చూపక పాతపద్ధతిలో అక్షరములు పేర్చి ఊరకుండెను. ఫ్రిబిడి చేయు పని యేమి? కుడినుండి యెడమకు నడచు ఉర్దూ వంటి లిపులకు దారి చూపుట. ఉర్దూకు తోడైన లైబ్రరీ లేక తెలుగు ఒత్తు నిలిచిపోయినదని తెలిసిన ఆ రాత్రి, బజారులోని ఆ జంటలిపుల బోర్డులు నాకు మరల మరల తలపునకు వచ్చినవి.

లైబ్రరీల వెర్షన్ల నడుమ వచ్చు తగవు ఇంతకన్న సులభమైనది. 2024 జూనులో, మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఆధారపడు నంపై అను లైబ్రరీ 2.0 వెలువడినప్పుడు, 1.x కొరకు కంపైలైన మాడ్యూళ్లు దానితో పనిచేయక ఎందరికో తిప్పలు తెచ్చిపెట్టినవి; కాని ఆ తప్పు బిగ్గరగా అరచును, వెర్షన్ సంఖ్యలను ఒక ఫైలులో బిగించినచో తీరును. మౌనముగా జరుగు తప్పే నన్ను కలచినది. ఒత్తును కూర్చు లైబ్రరీని పిల్లోలో ఐచ్ఛికముగా నుంచినవారికి ద్వేషమేమియు లేదు. వారి భాషకు అది నిజముగనే ఐచ్ఛికము. మనకు కాదు. సాఫ్ట్‌వేరు పరిశ్రమలో వేలకొలది తెలుగువా రుండగా, కనీసము “ఈ లిపిని కూర్చుటకు కావలసినది లేదు” అని పిల్లోచేత పలికించుటకైనను మనము పాటుపడవలదా? ప్రజాధనముతో పటములు గీయించు ప్రతి కార్యాలయమును, 2017 నుండి ఉర్దూ రెండవ అధికారభాషయైన ఈ రాష్ట్రమున, ఫాంటు మొదలుకొని ఫ్రిబిడి వరకు ఏ లైబ్రరీ యే వెర్షన్ వాడితిరో వ్రాసి యిమ్మని గుత్తేదారు నడుగవలెను.

ఫ్రిబిడి చేరి ఒత్తులు కుదిరిన పటము ఇప్పుడు ఆ పాఠశాల గోడమీద నున్నది. దాని వెనుక అట్టపై పది లైబ్రరీల పేర్లను, వాని వెర్షన్ సంఖ్యలను సిరాతో వ్రాసియుంచితిని. ఆ జాబితాలో ఫ్రిబిడి పేరును ఆ బాలికయే వ్రాసెను.