మాలిక్ కాదన్న సంగతి

సంపాదకులకు,

ఇస్లాంలో సహనం ఈమధ్య పైపైన పూసిన రంగేనని గత సంచికలో మీ వ్యాసకర్త తేల్చేశారు. ఎనిమిదో శతాబ్దం సంగతి ఒకటి చూడండి. మదీనా పండితుడు ఇమాం మాలిక్ రాసిన 'మువత్తా' అనే ధర్మశాస్త్ర గ్రంథాన్ని రాజ్యమంతటా అమలు చేస్తానని ఖలీఫా మన్సూర్ ముందుకొచ్చాడని పాత చరిత్రకారులు రాశారు. ఏ పండితుడికైనా నోరూరే అవకాశమే! మాలిక్ మాత్రం వద్దన్నాడు. ప్రవక్త సహచరులు తలో ప్రాంతానికీ వెళ్లారు, జనం వారి దగ్గర నేర్చుకున్నదే పాటిస్తున్నారు, వాళ్ల జోలికి పోవద్దన్నాడు. అందుకే హనఫీ, మాలికీ, షాఫియీ, హంబలీ అనే ధర్మశాస్త్ర సంప్రదాయాలు ఈనాటికీ పక్కపక్కనే ఉన్నాయి.

అదంతా ఇంటిలోపలి సహనమే అంటారేమో. అయితే పరమతాల సంగతీ చూద్దాం. మొఘల్ యువరాజు దారా షికో 1657లో 50 ఉపనిషత్తులను పారసీలోకి తెచ్చాడు. రెండేళ్లకే తమ్ముడు ఔరంగజేబు అతణ్ని మతభ్రష్టుడని చంపించాడు. రెండు ధోరణులూ ఒకే ఇంట్లో పుట్టాయి మరి.

ఇప్పటి సంగతికి వస్తే, 2022 అక్టోబరులో లక్ష్మీపూజ, మీలాద్ (ప్రవక్త జయంతి) ఒక్కసారే వచ్చినప్పుడు మా కోల్‌కతాలోని మోమిన్‌పూర్, ఏక్‌బాల్‌పూర్‌లలో గొడవలై 144 సెక్షన్ పెట్టిన మాట వాస్తవం. పక్కనే ఖిదిర్‌పూర్ మున్షీగంజ్‌లో ముస్లింలు పూనుకుని దుర్గాపూజ జరిపిస్తారన్నదీ వాస్తవమే. మీ వ్యాసకర్త మొదటిది రాసి రెండోది వదిలేశారు.

— ఒక పాఠకుడు, ఏక్‌బాల్‌పూర్, కోల్‌కతా