నోటరీ ముద్ర హక్కు కాదు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు స్థలమో పొలమో కొన్నవాళ్లను దస్తావేజు గురించి అడిగితే తరచుగా వచ్చే జవాబు ఒకటే: "ప్లీడరు రాసిచ్చినాడు, నోటరీ అయింది, ఇన్నేండ్లుగా మా అనుభవంలోనే ఉంది. ఇంక మమ్మల్ని అడిగేదెవరు?"

ఈ ధీమాకు ఆధారం లేదు. రాసిన పెద్దమనిషి ఉన్నన్నాళ్లూ లోపం బయటపడదు. ఆయన వృత్తి మానుకున్నాకో, కన్నుమూశాకో అసలు అగ్రిమెంటు ఏ బీరువాలో ఉందో తెలియదు. సాక్షులు దొరకరు. అమ్మినాయన కొడుకులు తమకేమీ తెలియదంటారు.

చట్టంలో దీనికి రెండో మాట లేదు. ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం వంద రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మకానికి రిజిస్టరు దస్తావేజు ఉండి తీరాలి. సంతకం ఫలానావాడిదేనని నోటరీ ధ్రువపరుస్తాడు, అంతే. ఆస్తిని మీ పేరు మీదికి మార్చే అధికారం ఆయనకు లేదు. అగ్రిమెంటు, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), వీలునామా మూడూ చేతిలో ఉన్నా అమ్మకం జరిగినట్టు కాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు మీరక్కడ ఉన్నారని చెబుతాయి, అది మీదని చెప్పవు.

"రిజిస్ట్రేషన్ ఖర్చు మిగిలింది కదా" అనేది మరో వాదన. మిగల్లేదు, వాయిదా పడింది. అమ్మినాయన పోయాక వారసులందరి సంతకాలూ కావాలి. ఉమ్మడి ఆస్తిలో ఆడబిడ్డలకూ వాటా ఇస్తూ మన రాష్ట్రం చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి, కేంద్ర సవరణ 2005 నుంచి అమల్లో ఉన్నాయి. కొడుకుల సంతకాలతోనే పని అయిపోదు. ఆలస్యమయ్యేకొద్దీ వారసులు పెరుగుతారు.

"ప్లీడరు పోయినాడు, ఇంక ఆస్తి మీద ఆశ వదులుకోవాల్సిందే" అనడమూ అంతే తప్పు. అమ్మినాయన బతికుండి ఒప్పుకుంటే వెంటనే కొత్త దస్తావేజు రాయించి రిజిస్టరు చేయించుకోవాలి. వ్యవసాయ భూమైతే, ప్రభుత్వం పెట్టిన గడువు తేదీలకు లోబడి, పట్టాదారు పాసుపుస్తకాల చట్టం 5-ఎ సెక్షన్ కింద తహసీల్దారుకు దరఖాస్తు చేయవచ్చు. సాదా బైనామా (రిజిస్టరు కాని అమ్మకపు కాగితం) క్రమబద్ధీకరణంటే ఇదే. విచారణ ముగిశాక ఇచ్చే 13-బి సర్టిఫికెట్‌కు విలువుంది. ఇది ఊళ్లో ఇంటి స్థలాలకు వర్తించదు, అసైన్డు భూముల అమ్మకాన్ని కాపాడదు. అమ్మినవాళ్లు మొండికేస్తే ఒప్పందం అమలు చేయించమని కోర్టుకు వెళ్లాలి. ఒప్పందం అమలుకు అందులో పెట్టిన గడువు తేదీ నుంచి, అలాంటి తేదీ లేకుంటే నిరాకరణ తెలిసిన నాటి నుంచి మూడేళ్లలోపే దావా వేయాలి. రిజిస్టరు కాని అగ్రిమెంటునూ అలాంటి దావాలో సాక్ష్యంగా చూపవచ్చు. స్వాధీనం ఇచ్చినట్టు అందులో రాసి ఉంటే లోటు స్టాంపు సుంకం, జరిమానా కట్టాల్సి వస్తుంది.

ప్లీడరు దగ్గరున్న కాగితాలు మీ సొత్తు. ఫీజు బాకీ ఉందని కక్షిదారు ఫైళ్లను పట్టి ఉంచుకునే హక్కు న్యాయవాదికి లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. వాటిని లిఖితపూర్వకంగా అడిగి తెచ్చుకోండి.

న్యాయవాదులకూ ఒక మాట. నోటరీ కాగితంతో యాజమాన్యం రాదని కక్షిదారుకు రాతపూర్వకంగా చెప్పడం మీ వృత్తి ధర్మం. చెప్పకుండా ఫీజు పుచ్చుకోవడం అన్యాయం.

కొన్నవాళ్లారా, అమ్మినాయన బతికుండగానే సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకువెళ్లండి.